పెద్దక్షరాల మాడ్

ఆ వానాకాలం యుద్ధం నాకూ మా ఆడపడుచుకీ మధ్య, ఒక ఫైలు గురించి మొదలైంది.

"మూడు వేల లైన్లు కాపీ కొట్టావు తల్లీ! మార్చినవి ఎన్ని? పట్టుమని పది లేవు!" అని ఒంటికాలి మీద లేచాను.

"నన్నెందుకంటావు వదినా? మీ ఇంజిను ఏడుపే అంత," అంది తను, గుమ్మంలో గొడుగు విదిలించుకుంటూ. "ఒక్క అక్షరం సైజు మార్చాలన్నా ఫైలంతా మళ్లీ ఇచ్చుకోవాల్సిందే. అలా రాసింది మీరు. తిట్లు మాత్రం నాకు."

నాకు తిక్క రేగింది. తను చెప్పింది నిజం కాబట్టి ఇంకా రేగింది.

నేను పగలు ఒక లాండ్రీ కంపెనీలో దుప్పట్లూ తువ్వాళ్లూ లెక్కచూసే సాఫ్ట్‌వేరుతో కుస్తీ పడతాను. అది జీతానికి. జీతం లేని పని ఇంకోటుంది. ఓడలూ రేవులూ ఉన్న ఒక పాత కంప్యూటర్ యుద్ధాల ఆటకి ఇంజిను, అంటే లోపలుండి దాన్ని నడిపించే ప్రోగ్రాము, రాసే గుంపులో నేనూ ఒకదాన్ని. ఆ ఆట అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతబడింది, ఆడేవాళ్లు మాత్రం మానలేదు. వాళ్లకోసం మాలాంటి కొందరం దాన్ని బతికిస్తున్నాం. మా ఆయన నర్సు. నా గొంతూ ఆడపడుచు గొంతూ లేచినప్పుడల్లా "ఆస్పత్రిలో ప్రశాంతంగా ఉంటుంది" అని డ్యూటీకి గంట ముందే బయల్దేరతాడు.

ఆ ఆటని ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. ఓడల వేగం పెంచొచ్చు, రంగులు మార్చొచ్చు. అలా మార్చే ఫైళ్లనే మాడ్లంటారు. తంటా ఎక్కడంటే, రెండు మాడ్లు ఒకే ఫైలుని ముట్టుకుంటే చివర లోడైనదే నిలుస్తుంది. ముందుది అసలు లేనట్టే. లోడయ్యేది పేర్లలో ఇంగ్లీషు అక్షరాల వరసనిబట్టి. అందుకని మాడ్లు రాసేవాళ్లంతా చివర ఉండటానికి పేరు ముందు జెడ్లు తగిలిస్తారు. మా ఆడపడుచుది మూడు జెడ్లతో మొదలవుతుంది. మా వీధి క్లబ్బులో పోటీలు పెట్టే లీగువాళ్లది నాలుగింటితో. ఎవరైనా చూస్తే నవ్విపోతారు. మాకు మాత్రం అది మామూలైపోయింది.

మూడు జెడ్ల మాడ్ తను వాళ్ల నాన్న, అంటే మా మామయ్య కోసం రాసింది. ఆయన ఓడరేవులో క్రేను నడిపిన మనిషి. పైన గాజు గదిలో కూర్చుని రేవంతా ఒక్క చూపులో చూసేవారు. రెండేళ్లనుంచి ఆ చూపుకి మధ్యలో మసక. పక్కలు కనపడతాయి, ఎదురుగా ఉన్నదే కనపడదు. మనిషి మొహం చూడాలంటే ఆ మనిషి చెవి వైపు చూడాలి. మా ఆడపడుచు బోర్డులు రాసే షాపులో పనిచేస్తుంది, అక్షరాలంటే పిచ్చి. నల్లటి తెర మీద పసుప్పచ్చటి లావుపాటి అక్షరాలు పెట్టి, ఆయన పక్కకి చూస్తూనే చదువుకునేలా ఆటనంతా మార్చేసింది. అది మంచి పని. తిడుతూనే ఆ మాట అప్పుడే చెప్పాను కూడా.

ప్రతి వానాకాలం మా వీధి చివర క్లబ్బులో ఆదివారాలు ఈ ఆట లీగు జరుగుతుంది. జోడీలుగా ఆడాలి. మామయ్య జోడీ ఎప్పుడూ జెండా బాబాయే. క్రేను కింద నిలబడి, జెండా ఊపి, ఎత్తు దించు అని సైగలు చేసిన మనిషి. లీగులో ఆడాలంటే అందరూ లీగు మాడ్ వేసుకుని తీరాలి. అది వేస్తే పెద్దక్షరాలు ఎగిరిపోతాయి. పెద్దక్షరాలు ఉంచితే ఆట "మీ ఫైళ్లు కలవడం లేదు" అని మొహమ్మీదే తలుపేస్తుంది.

మా తగవు జరిగిన రోజే జెండా బాబాయి వచ్చారు, ప్యాంటు మోకాళ్లదాకా తడిసి.

"పేర్లు రాయించుకుంటున్నారురా. మనది ఇచ్చెయ్యనా?"

"వేరేవాణ్ణి చూసుకో," అన్నారు మామయ్య, ఆయన చెవి వైపు చూస్తూ.

"సర్లే, నీ ఇష్టం. ఒంట్లో జాగ్రత్తగా ఉండు మరి," అని జెండా బాబాయి మెల్లగా లేచి వెళ్లిపోయారు.

ఆ మెల్లగా అనడం నాకు అస్సలు నచ్చలేదు. వెనకటి జెండా బాబాయి అయితే "ఏడిశావులే, నడు" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేవారు. మామయ్య కిటికీ దగ్గర కూర్చుని వాన చప్పుడు వింటున్నారు. ఇంక ఈ మనిషి ఈ కుర్చీలోంచి లేవరేమో అనిపించింది. ఈ రెండు మాడ్లూ ఒకే ఆటలో నడిచేదాకా ఊరుకోకూడదనుకున్నాను.

ఇంజిన్లో ఏ మార్పు వెళ్లాలన్నా ఒకామె ఒప్పుకోవాలి. మేమంతా తాళాలక్క అంటాం. మొహం ఎప్పుడూ చూడలేదు, గొంతే తెలుసు. ఆ గొంతు చాలు. నా ఆలోచనంతా ముందే రాసి పంపి, ఫోన్ చేశాను.

"లోడింగు జోలికి పోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అంది ఫోనెత్తగానే.

"పోకపోతే ఎలాగక్కా? జెడ్ల మీద జెడ్లు పెట్టుకుంటున్నారు జనం. వచ్చే ఏడాదికి పేర్లలో జెడ్లు తప్ప ఇంకేం మిగలవు."

"ఇప్పుడున్నది నడుస్తోందిగా?"

"నడవట్లేదు, దేకుతోంది."

"మీ ఇంట్లో ఒకాయనకి కావాలని అందరి ఇంజినూ కదిలిస్తావా?"

"మా ఇంట్లో కాబట్టి నాకు తెలిసింది. తెలియని ఇళ్లు ఎన్నున్నాయో!" అన్నాను. గొంతు లేచిందని నాకే తెలిసింది. లేవనీ అనుకున్నాను.

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత, "ఒక షరతు," అంది. "పాత మాడ్ ఒక్కటి కూడా ఆగకూడదు. ఎప్పుడో రాసి వదిలేసినవి కూడా ఎప్పట్లాగే నడవాలి. ఒక్కటి ఆగినా నీ మార్పు తీసి అవతల పారేస్తాను."

"అలాగే."

"అలాగే అనడం తేలికే. చేసి చూపించు."

ఇంక చూసుకోండి. నాతో తగవు పెట్టుకున్న మనిషినే పక్కన కూర్చోబెట్టుకోవాల్సి వచ్చింది. మాడ్లు రాసేవాళ్లు ఏం చేస్తారో, ఎక్కడ అడ్డదార్లు తొక్కుతారో తనకి తెలిసినట్టు నాకు తెలియదు. తను షాపునుంచి రాగానే, చేతులకి రంగు ఇంకా ఆరకుండానే, ఇద్దరం ముందుగదిలో బల్ల దగ్గర చేరేవాళ్లం. మేమనుకున్నది చిన్నదే. మాడ్ తను మార్చే నాలుగు లైన్లు రాస్తే చాలు. మిగతాదంతా ఇంజినే అసలు ఫైల్లోంచి తెచ్చుకోవాలి. రెండు మాడ్లొస్తే రెండింటినీ కలుపుకోవాలి. కంటికి కనపడేవాటిని మాత్రమే మార్చే మాడ్ని లీగు పట్టించుకోకూడదు.

మొదటిసారి నేను రాసింది అన్నిటినీ కలిపేసింది, నిజంగా అన్నిటినీ. ఆట తెరిస్తే ప్రతి రేవుకీ ఇద్దరు రాజులు. ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు.

మా ఆయన బూట్లు వేసుకుంటూ తొంగిచూశాడు. "ఇదేదో మనింటి బొమ్మలా ఉందే," అన్నాడు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ.

ఆడపడుచు పకపకా నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఆ నవ్వుతో మా మూడు వేల లైన్ల తగవు ముగిసింది. వెంటనే ఇంకోటి మొదలైంది.

"తప్పుంటే ఇంజిను నోరు విప్పి చెప్పాలి వదినా," అంది తను. "ఇప్పుడేం చేస్తోంది? ఫైల్లో ఎక్కడో ఒక చుక్క తేడా వస్తే చాలు, ఫైలంతా పక్కన పడేసి ఏమీ ఎరగనట్టు ఆట మొదలెట్టేస్తుంది. రాసినవాళ్లం అది పనిచేస్తోందనుకుని మురిసిపోతుంటాం."

"అడుగడుక్కీ వాగుతుంటే ఎవరాడతారు?"

"నువ్వు అడుగడుక్కీ వాగట్లేదా? అన్నయ్య కాపురం చెయ్యట్లేదా?"

ఆ దెబ్బకి ఒప్పుకున్నాను. రాశాను. ఏ ఫైల్లో, ఏ లైన్లో, ఏం తప్పుందో ఆట మొదలయ్యే ముందే తెర మీద చెప్తుంది. ఆ చెప్పడం కూడా పెద్దక్షరాల్లోనే ఉండాలని తను పట్టుబట్టింది. అదీ పెట్టాను.

వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం రెండు మాడ్లూ ఒకేసారి లోడయ్యాయి. పసుప్పచ్చటి పెద్దక్షరాలూ ఉన్నాయి, లీగు ఓడలూ ఉన్నాయి. ఆడపడుచు షాపులో ఉంది. నేను ఆగలేకపోయాను. మామయ్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టాను. ఆయన తల కాస్త పక్కకి తిప్పి, మౌసు కదిలించి, ఒక రేవు పేరు పైకే చదివారు. తర్వాత ఇంకోటి.

"లీగుదేనా ఇది?"

"లీగుదే. ఇప్పుడు మీరు నిక్షేపంగా ఆడొచ్చు మామయ్యా."

"బాగా చేశావమ్మాయ్," అన్నారు. నిజంగానే సంతోషంగా అన్నారు. మౌసు మీంచి చెయ్యి తీసేశారు. "కానీ నేను రాను."

నాకు బుర్ర తిరిగిపోయింది. ఇన్ని వారాల తంటాలూ దేనికి మరి? కోపం నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను.

"ఎందుకని?"

"నీకు తెలీదనుకుంటా. అమ్మాయి నాకు ఇంకో మాడ్ కూడా రాసిచ్చింది. చేయూత అని పేరు పెట్టింది. అది ఉంటే ఎదుటివాళ్ల ఓడలు కొంచెం నెమ్మదిగా వస్తాయి. నేను వెతుక్కుని చూసుకునేలోపు నాకు కాస్త టైము దొరుకుతుంది. నాకు చెప్పే పెట్టింది, దాచలేదు. నేనూ వద్దనలేదు." ఆగి గడ్డం రాసుకున్నారు. "ఏడాదినుంచి ఇంట్లో మీ అందరి మీదా గెలుస్తున్నానంటే దాని చలవే. లీగులో అది ఉండదుగా. పదిమంది ముందు కూర్చుని తేలిపోవడం నాకిష్టం లేదు. జెండాగాడి పరువు కూడా పోతుంది."

"అదేం కాదు మామయ్యా..." అని మొదలుపెట్టాను. ఎందుకు కాదో నాకు మాత్రం ఏం తెలుసు? ఆయన లేచి, గోడ తడుముకోకుండా, అలవాటైన దారిలో కిటికీ దగ్గరికి వెళ్లిపోయారు. నా ఇంజిను అక్షరాలు చూపించగలదు గానీ ఇలాంటి మాటకి నేనేం మాడ్ రాయను? ఆ సాయంత్రం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మా ఆయన నా నుదురు పట్టుకుని జ్వరమేమన్నా వచ్చిందా అని చూశాడు.

తాళాలక్క షరతు మాత్రం అలాగే ఉంది. దొరికిన పాత మాడ్లన్నీ పోగేసి, ఆ శనివారం నేనూ ఆడపడుచూ కొత్త ఇంజినుతో ఒక్కొక్కటే తెరిచాం. ఒక్కటీ ఆగలేదు. కానీ తెర నిండా తప్పుల చిట్టా! ఇక్కడ కామా లేదు, అక్కడ ఫైలు పేరు తేడా, ఇంకోచోట లైనే సగం. వాటిలో కొన్ని పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా లోడైనవి కావు. పాత ఇంజిను వాటిని చూడగానే గుట్టుగా పక్కన పెట్టేసింది. "ఈ మాడ్ వేశాక నా ఓడలకి రెక్కలొచ్చాయి" అని జనం ఏళ్ల తరబడి పొగిడినవి ఉన్నాయి అందులో. తాళాలక్క సొంతంగా రాసింది కూడా ఒకటుంది.

ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాను. తన ఫైలు తనే తెరిచి చూసుకుంది. "ఎవరికీ చెప్పకు," అంది చివరికి. "నీ మార్పు కలిపేస్తున్నాను."

నేను గంతేశాను. అదే ఊపులో మామయ్య కంప్యూటర్లో కూడా కొత్త ఇంజిను వేసి తెరిచాను. తెర నల్లబడింది. పసుప్పచ్చటి పెద్దక్షరాలు వచ్చాయి.

చేయూత: తెరిచిన బ్రాకెట్టు మూయలేదు. ఈ ఫైలు లోడ్ కాలేదు.

నేను ఆడపడుచు వైపు చూశాను. తను తెరవైపే చూస్తోంది.

"నిన్న గానీ మార్చావా దీన్ని?"

"లేదు వదినా. రాసిన రోజు తర్వాత ముట్టుకోలేదు."

"రాసినప్పుడు పనిచేస్తోందా లేదా చూసుకోలేదా?"

"నాన్న గెలవడం మొదలెట్టాడుగా," అంది నీరసంగా. "పనిచేస్తోందనుకున్నా."

తను రెండు చేతులతో మొహం కప్పుకుంది. అందరి తప్పులూ ఇంజిను చెప్పాలని పోరుపెట్టి మరీ రాయించుకున్న మనిషి. ఇంకో రోజైతే ఆట పట్టించి ఏడిపించేదాన్ని. ఆ రోజు తనని గట్టిగా కావలించుకున్నాను. రంగు నా చీరకంటింది.

"అన్నయ్య ఓడలు నెమ్మదిగా పోతున్నాయని గోలపెట్టేవాడుగా?" అంది నా భుజం మీదనుంచే.

"మామూలుగానే పోయాయి. మీ అన్నయ్యకి ఆడటం రాదు, అంతే."

మామయ్యని పిలిచాం. తనే చెప్పింది, నిలబడి, స్కూల్లో తప్పు చేసిన పిల్లలా.

"నాన్నా, చేయూత పనిచెయ్యలేదు."

"పోనీలే, ఈసారికి..."

"ఈసారి కాదు. మొదట్నుంచీ. ఎప్పుడూ పనిచెయ్యలేదు. నేనే తప్పు రాశాను."

ఆయన తల తిప్పి, కూతుర్ని కాదు, నన్ను అడిగారు. "అమ్మాయ్, నువ్వు చెప్పు. ఇది నన్ను ఊరడించడానికి చెప్తోందా?"

"మామయ్యా, మీరే చెప్పండి. నేను తియ్యటి కబుర్లు చెప్పే మనిషినా?"

"కాదు," అన్నారు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

"అయితే కూర్చోండి. మీరే చదువుకోండి."

కూర్చున్నారు. తల పక్కకి వంచి, గోడవైపు చూస్తున్నట్టు ఉండి, కంటి అంచుతో ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదివారు. చివరి మాట దగ్గర ఆగారు. మళ్లీ మొదట్నుంచి చదివారు.

"మూడే ఓడలతో తూర్పు రేవు పట్టాను చూడు, మీ అన్నయ్య ఎనిమిదింటితో వచ్చినప్పుడు..."

"అది నువ్వే నాన్నా."

"నెమ్మదిగా రాలేదా అవి?"

"లేదు."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. మెల్లగా, ఎక్కువసేపు తుడుచుకున్నారు. నేను కిటికీ తలుపు సరిచేస్తున్నట్టు అటు తిరిగాను.

"జెండాగాడికి ఫోన్ చెయ్యమ్మాయ్," అన్నారు. "వేరేవాణ్ణి తెచ్చుకున్నాడేమో కనుక్కో."

తెచ్చుకోలేదు. పేర్లు రాసుకునే మొదటి రోజే జోడీగా ఇద్దరి పేర్లూ ఇచ్చేసి, ఆ సంగతి చెప్పడానికి ధైర్యం చాలక ఊరుకున్నారట.

మర్నాడు లీగు మొదటి ఆదివారం, క్లబ్బు కిక్కిరిసిపోయింది. కుర్రాళ్లూ పెద్దాళ్లూ, తడిసిన గొడుగులూ, గోడవారన వరసగా, పొద్దున్నే కొత్త ఇంజిను వేయించుకున్న కంప్యూటర్లు. మామయ్య తెర మీది పసుప్పచ్చటి అక్షరాలు చూసి పక్క బల్ల జోడీలో ఒకతను "ఇది ఏ మాడ్? నాకూ కావాలి" అని అడిగాడు. ఆడపడుచు గర్వంతో ఉబ్బిపోయింది. ఆట మొదలైంది. లీగు మాడ్ చూసుకుంది, పెద్దక్షరాలని చూసీ చూడనట్టు వదిలేసింది, తలుపు తెరిచింది. నా వరకు నేను ఆ క్షణమే గెలిచేశాను.

మామయ్య బాగా ఆడారు. మొదట్లో తడబడ్డారు, తర్వాత కుదురుకున్నారు. సగం దాటేదాకా వీళ్లదే పైచెయ్యి. అప్పుడు ఉత్తరం రేవు ఖాళీగా వదిలేసి ఓడలన్నీ దక్షిణానికి తోలారు. ఎదుటివాళ్లు ఖాళీ రేవులోకి నేరుగా దూరిపోయారు. ఇంక అక్కణ్ణుంచి ఏ ఎత్తూ పారలేదు. ఓడిపోయారు.

ఇంటికి నడుస్తున్నంతసేపూ చినుకులు పడుతూనే ఉన్నాయి. ముందు వాళ్లిద్దరూ ఒకే గొడుగు కింద, వెనక నేనూ ఆడపడుచూ. మళ్లీ ఆ కుర్చీలో కూర్చుండిపోతారేమోనని నా భయం.

"పోన్లేరా," అన్నారు జెండా బాబాయి మెల్లగా. "తప్పు నాదే. నేను సరిగ్గా చూసుకోలేదు."

మామయ్య నడిరోడ్డు మీద ఆగిపోయారు.

"నీదెలా అవుతుంది? ఉత్తరం రేవు వదిలింది ఎవరు?"

"ఎవరైతేనేంలే..."

"నేను! నేను వదిలాను. చూసే వదిలాను. నాకు స్పష్టంగా కనపడింది, అయినా ఆశపడి వదిలాను. నా తప్పు నాకు వదిలెయ్, నువ్వు ఎత్తుకోకు!"

జెండా బాబాయి నోరు తెరుచుకుని చూశారు. గొడుగు ఒకవైపు ఒరిగింది, ఇద్దరూ తడుస్తున్నారు. ఆయన భుజాల్లో ఏదో బిగువు సడలడం వెనకనుంచి కూడా నాకు కనపడింది.

"కనపడే వదిలావా?" అన్నారు. గొంతు పెరిగింది. "కనపడుతూ కూడా వదిలావా? బుద్ధుందా నీకు? అంత మంచి రేవుని గాలికొదిలేసి ఆ దిక్కుమాలిన దక్షిణానికి ఎవడు పొమ్మన్నాడురా నిన్ను? క్రేను మీద కూడా ఇంతే, నేను ఆగమని జెండా ఊపుతూనే ఉంటాను, నువ్వు దించుతూనే ఉంటావు!"

"నీ జెండా ఎప్పుడు సరిగ్గా ఊపావు గనక?"

ఆడపడుచు కంగారుగా నా చెయ్యి పట్టుకుంది. "వదినా, వెళ్లి ఆపు."

"నోరు మూసుకుని నడు," అన్నాను. నా కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, వానలో ఎవరికీ తెలియడం లేదు. ముందు వాళ్లిద్దరూ వీధంతా వినపడేలా తిట్టుకుంటూ నడుస్తున్నారు. వచ్చే ఆదివారం ఉత్తరం రేవులో ఎన్ని ఓడలుండాలో అప్పటికే తగవు మొదలైంది.